ఒకే మనిషికి నాలుగు రికార్డులు: పాత్రలను డేటాలో ఎలా పెట్టుకుంటున్నారు?

నాగావళి_డేటా
అందరికీ నమస్కారం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద జరుగుతున్న ఒక సర్వేకి డేటా చూసే పని నాది. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు ఊళ్ల నుంచి ఫారాలు వస్తాయి. మాకు ముందున్న బృందం పేషెంట్లు, ఆశాలు, అటెండెంట్లు, సర్వేలో చేరినవాళ్లు అని నాలుగు టేబుళ్లు కట్టి వెళ్లింది.

కవిటి వైపు ఒక ఆశా కార్యకర్త ఉన్నారు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపేది ఆమే. భర్త డయాలసిస్ మీద ఉన్నారు, ఆయన వెంట అటెండెంటుగా వెళ్లేదీ ఆమే. స్క్రీనింగ్‌లో ఆమెకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) ఎక్కువ వచ్చింది, అంటే సర్వేలో ఆమె కూడా ఒక పార్టిసిపెంట్. ఇదివరకు ఆమె విశాఖలో చూపించుకునేవారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక అక్కడికీ వెళ్తున్నారు. నాలుగు టేబుళ్లలో ఆమె నలుగురు వేరువేరు మనుషులు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట భర్త పేరుతో కలిపి. ఆమె ఫోన్ నంబరు మారిస్తే ఒక్క టేబుల్లోనే మారింది. రెండో రక్తపరీక్షకు రమ్మని పంపిన మెసేజ్ పాత నంబరుకు పోయింది.

ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మనిషిని ఒకచోట, పాత్రను వేరేచోట పెట్టే పద్ధతిలో మీరెవరైనా పనిచేసి ఉంటే ఎలా నడిచిందో చెప్పండి. ఆసుపత్రే కానక్కర్లేదు, ఫ్యాక్టరీ అయినా వ్యాపారం అయినా సరే.

రాజాం_మాస్టారు
మంచి ప్రశ్న అమ్మా. ఇది పాత సమస్యే. 1977లో బాక్‌మన్, దయా అనే ఇద్దరు దీనిమీదే పేపరు రాశారు. ఉద్యోగి, కస్టమరు, పేషెంటు అని మనం కట్టే రికార్డులు మనుషుల రకాలు కావు, మనిషి నిర్వహించే పాత్రలు, ఒకే మనిషికి అవి ఎన్నైనా ఉండొచ్చు అన్నది అందులో సారం. 2000లో ఫ్రీడ్రిష్ స్టైమన్ పాత్రలకు ఉండే లక్షణాలు 15 ఏరి రాశాడు. వాటిలో నీకు పనికొచ్చేవి చెప్తాను. పాత్రకు సొంత వివరాలు ఉంటాయి. పాత్ర ఎప్పుడూ ఇంకొకరితో సంబంధం వల్లే వస్తుంది. మధ్యలో రావచ్చు, మధ్యలో పోవచ్చు. ఒకే పాత్రను ఒకేసారి రెండుచోట్ల నిర్వహించవచ్చు, ఆవిడ విశాఖలోనూ పలాసలోనూ పేషెంటు అయినట్టు.

ఏది పాత్ర, ఏది కాదు అని తేల్చడానికి ఇటలీ పరిశోధకుడు నికోలా గ్వారినో చెప్పిన పరీక్ష మా పిల్లలకు ఇలా చెప్తాను. తూర్పు భాగోతంలో సత్యభామ వేషం కట్టినాయన తెల్లారి పొలానికి పోతాడు. వేషం పోయింది, మనిషి ఉన్నాడు. అలాగే ‘పేషెంటు’ పోయినా మనిషి ఉంటాడు, కాబట్టి అది పాత్ర. ‘మనిషి’ పోతే మిగిలేదేమీ లేదు, కాబట్టి టేబుల్ కట్టాల్సింది మనిషికి.

గరివిడి_మెయింటెనెన్స్
మనుషులకే కాదండీ, మెషిన్లకూ ఇదే గొడవ. ఫర్నేసుకు కూలింగ్ వాటర్ ఇచ్చే పంపు దగ్గర మేం చూసింది చెప్తాను. ఆ స్థానానికి ఒక ట్యాగ్ నంబరు ఉంటుంది. అక్కడ బిగించిన మోటారుకు సీరియల్ నంబరు వేరే. మోటారు కాలిపోతే విప్పి రీవైండింగ్‌కు పంపుతాం, స్టోర్స్ నుంచి ఇంకోటి తెచ్చి బిగిస్తాం. రీవైండ్ అయి వచ్చింది మళ్లీ వేరే పంపు దగ్గరికి పోతుంది.

చాలాకాలం హిస్టరీ కార్డులు సీరియల్ నంబరు మీదే రాసేవాళ్లు. ఏ మోటారు కార్డు తీసినా ఒకసారి బేరింగ్ పోయినట్టు ఉండేది, అంతే, అనుమానం వచ్చేది కాదు. కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ అవే కార్డులను ట్యాగ్ ప్రకారం పేర్చమన్నాడు. బేరింగులు పోయినవన్నీ ఒకే స్థానంలో ఉన్నప్పుడే పోయాయి. బేస్ ప్లేటు కింద గ్రౌటింగ్ వదులై, కప్లింగ్ అలైన్‌మెంట్ తప్పుతోంది. మోటారు మారుస్తూ కూర్చుంటే అది ఎప్పటికీ దొరికేది కాదు.

‘ఫర్నేసు పంపు నడిపే మోటారు’ అన్నది పాత్ర. దానికి దాని చరిత్ర ఉంది, ఇనుప మోటారుకు దాని చరిత్ర ఉంది. రెండూ రాసుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ మోటారు ఏ స్థానంలో ఉందో మూడో పట్టీ పెట్టాలి. పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ మాడ్యూల్‌లో ఫంక్షనల్ లొకేషన్, ఎక్విప్‌మెంట్ అని విడివిడిగా ఉండేది ఇందుకే. మీ సర్వేలో కూడా ‘ఫలానా ఊరి ఆశా’ అన్న స్థానానికి చరిత్ర పెట్టండి. ఆశా మారినా ఆ ఊరి ఫారాల్లో అదే రకం తప్పులు వస్తుంటే కారణం ఊళ్లో ఉన్నట్టు, మనిషిలో కాదు.

పలాస_జీడి
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. మాది జీడిపప్పు వ్యాపారం. మా దగ్గర ఒకాయన పిక్కలు అమ్ముతాడు, పప్పు కొంటాడు, సీజన్లో అడ్వాన్సు కూడా ఇస్తాడు. మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇదంతా పాత్రల కింద విడదీస్తానని మొదలెట్టి ఒక్కో పార్టీకి ఇన్ని స్క్రీన్లు తెచ్చాడు. మా గుమస్తాకు ఒకటే టెన్షన్. చివరికి ట్యాలీలో ఒక లెడ్జరే పెట్టాం, జమా ఖర్చూ అందులోనే. బ్యాలెన్స్ ఒక్క చూపులో తెలిసిపోతుంది. చిన్న వ్యాపారానికి ఇది చాలదా?

రాజాం_మాస్టారు
చాలు. ఆయన రెండు పాత్రలకూ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే బ్యాలెన్స్ అయితే విడదీయక్కర్లేదు. అమ్మేటప్పుడు ఒక గడువు, కొనేటప్పుడు ఒక క్రెడిట్ లిమిట్, అడ్వాన్సుకు వడ్డీ లెక్క అని వేరువేరు వివరాలు వచ్చిన రోజున విడదీయండి. అప్పుడు కూడా పార్టీ ఒకటే ఉండాలి, పేరూ జీఎస్టీ నంబరూ ఒకేచోట ఉండాలి. ఎస్‌ఏపీ ఎస్/4హానాలో కస్టమరు, వెండరు వేరు మాస్టర్లు తీసేసి అందరినీ బిజినెస్ పార్ట్‌నర్ కింద పెట్టి పాత్రలు తగిలించింది ఇందుకే.

పైడిభీమవరం_క్యూఏ
మందుల తయారీ వైపు నుంచి నా మాట. మా దగ్గర పాత్ర అంటే అధికారం. బ్యాచ్ తయారుచేసేది ప్రొడక్షన్, విడుదల చేసేది క్వాలిటీ, రెండూ ఒకే చేతిలో ఉండకూడదు. అమెరికాకు సరుకు పంపేవాళ్లకు 1997 నుంచి ఎలక్ట్రానిక్ రికార్డుల రూలు ఒకటి ఉంది, 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అంటారు. సంతకం ఒక్కరికే చెందాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. సంతకం పక్కన పేరు, తేదీ, టైముతో పాటు ఆ సంతకం దేనికో కూడా ఉండాలి: రాసినందుకా, పరిశీలించినందుకా, ఆమోదించినందుకా. ‘ఎవరు’ ఒకటే చాలదు, ‘ఏ హోదాలో’ అన్నదీ కావాలి.

ఇంతకుముందు పనిచేసిన ఒకచోట నైట్ షిఫ్టులో చూశాను. క్వాలిటీలో మనిషి తక్కువైతే, గతంలో క్వాలిటీలో పనిచేసి ప్రొడక్షన్‌కు మారినాయనకు పాత అధికారం మళ్లీ తగిలించారు. సాఫ్ట్‌వేర్ రెండు పాత్రల అధికారాలూ కలిపేసింది. ఆయన తయారుచేసిన బ్యాచ్ ఆయన లాగిన్‌తోనే పరిశీలన దాటిపోయింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, అలసిపోయి ఉన్నాడు, తెర మీద బటన్ కనిపించింది, నొక్కాడు. ఆడిట్‌లో దొరికింది.

పాత్రను బట్టి అనుమతులిచ్చే పద్ధతిని 1992లో ఫెరయోలో, కూన్ ప్రతిపాదించారు, 2004లో అది అమెరికాలో ప్రమాణం అయింది. అందులో పాత్రలను వేరుచేయడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఈ రెండు పాత్రలూ ఒకే మనిషికి ఎప్పుడూ ఇవ్వకూడదు అనడం. రెండోది, రెండూ ఉండొచ్చు గానీ ఒకే సెషన్‌లో రెండూ వాడకూడదు అనడం. షిఫ్టుల్లో మొదటిది నడవదు, మనుషులు చాలరు. రెండోది చాలదు, లాగౌట్ అయి మళ్లీ వస్తే సరి. మాకు కావలసింది బ్యాచ్‌ను బట్టి: ఈ బ్యాచ్‌లో ప్రొడక్షన్ సంతకం పెట్టినవాళ్లు ఈ బ్యాచ్‌కే పరిశీలన సంతకం పెట్టకూడదు. ఇప్పుడున్న చోట ఆ రూలు విడిగా రాయించుకున్నాం. మీ సర్వేలో బ్యాచ్ స్థానంలో పార్టిసిపెంట్‌ను పెట్టి చూడండి, మీకూ ఇదే అవసరం పడుతుంది.

విజయనగరం_సీఆర్‌సీ
పైన చెప్పినదానికి నేరుగా తగిలే విషయం ఒకటుంది. క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చెప్తున్నాను, మేడం, ఇది ముందు చూడండి. చదువు రాని పార్టిసిపెంట్ దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు నిష్పాక్షిక సాక్షి ఉండాలి. జీసీపీ (క్లినికల్ ట్రయల్స్ నడపడానికి ఉన్న అంతర్జాతీయ నియమాలు) ప్రకారం ఆ సాక్షికి అధ్యయనంతో సంబంధం ఉండకూడదు, అందులో ఉన్నవాళ్ల ఒత్తిడి ఆయనమీద పడకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలూ సాక్షి ఉండాలనే అంటాయి. ఊళ్లో జరిగేదేమిటంటే, ఫారం నింపిన ఆశానే సాక్షి గడిలోనూ సంతకం పెడుతుంది. పక్కన ఇంకెవరు ఉంటారు పాపం! మీ నాలుగు టేబుళ్లలో ఇది కనిపించదు, ఎందుకంటే ఫారం నింపిన ఆశా, సాక్షి ఒకే మనిషని అవి చెప్పలేవు. మనిషికి ఒకే ఐడీ ఇచ్చి, ప్రతి పార్టిసిపెంట్ దగ్గర ఎవరు ఏ పాత్రలో ఉన్నారో రాస్తే ఒక్క క్వెరీతో బయటపడుతుంది.

మీరు చెప్పిన కవిటి ఆశా విషయంలో ఇంకో ప్రశ్న: ఆమె ఫారం ఎవరు నింపారు? ఆమే నింపుకుని ఉంటే ఆ రీడింగులను విడిగా గుర్తుపెట్టండి.

ఆసుపత్రుల డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి హెచ్‌ఎల్7 అనే సంస్థ పెట్టిన ‘ఫైర్’ ప్రమాణంలో మీ నమూనాకు తయారు ఇల్లు ఉంది. పేషెంటుకు ఒకటి, వైద్య సిబ్బందికి ఒకటి, పేషెంటు బంధువుకు ఒకటి రిసోర్సులు ఉంటాయి. ‘ప్రాక్టీషనర్ రోల్’ అని వేరే ఉంటుంది, ఏ సంస్థలో, ఏ చోట, ఏ హోదాలో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని అందులో రాస్తాం. వీటన్నిటినీ ఒకే మనిషికి కట్టడానికి ‘పర్సన్’ అని ఒకటుంది. పేరూ ఫోనూ మీరు అక్కడ చూసుకుంటే చాలు.

ల్యాబ్‌లో కూడా ఇదే దారి. రక్తం ఒక పదార్థం, ‘నమూనా’ దాని పాత్ర. బయోమెడికల్ పరిశోధనల ఆంటాలజీ (ఏది ఏ రకం, దేనికి దేనితో సంబంధం అని రాసిన పట్టిక) ఓబీఐ అలానే రాస్తుంది. దాని పునాది బీఎఫ్ఓ అనే మూల ఆంటాలజీ, 2021లో ఐఎస్ఓ ప్రమాణం అయింది. రసాయనాల జాబితా కెబీలో ఆస్పిరిన్ నిర్మాణం ఒకవైపు, నొప్పి తగ్గించేది అన్న పాత్ర ఇంకోవైపు ఉంటాయి.

చీపురుపల్లి_సచివాలయం
మా బాధ కూడా వినండి. పక్క ఊరి సచివాలయంలో పోస్టు ఖాళీ అయితే మాకు ఎఫ్ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) ఇస్తారు. ఒక శాఖ పోర్టల్లో ఒక మనిషికి ఒకే చోటు పెట్టడానికి వీలుంది. అందుకని ఇన్‌ఛార్జి తీసుకున్నప్పుడల్లా సొంత ఊరి అప్లికేషన్లు తెర మీంచి మాయమవుతాయి, లేదా పాతాయన ఫోనుకు ఓటీపీ వెళ్తే ఆయన్ని బతిమాలుకోవాలి. బదిలీ అయి పార్వతీపురం వెళ్లినాయన ఓటీపీలు ఇంకా చెప్తూ కూర్చోవాలా? రేపు ఏదైనా తేడా వస్తే రికార్డులో ఆయన పేరే ఉంటుంది.

మేం సొంతంగా ఎక్సెల్‌లో పెట్టుకున్న పట్టీ ఇది: మనిషి, హోదా, సచివాలయం, రెగ్యులరా ఎఫ్ఏసీనా, ఆర్డరు నంబరు, చేరిన తేదీ, వదిలిన తేదీ. వదిలిన తేదీ గడి ఖాళీగా ఉంటే ఇంకా నడుస్తున్నట్టు. ఒక మనిషికి రెండు వరసలు ఒకే కాలంలో ఉండొచ్చు, దాంతోనే సగం గొడవలు తీరాయి.

నాగావళి_డేటా
అందరికీ చాలా థాంక్స్. సీఆర్‌సీ గారు చెప్పిన సాక్షి సంగతి చదివి అన్నీ పక్కన పెట్టి ముందు ఫారాలు తీశాను. మనుషులను కలిపి చూస్తే ఫారం నింపినవాళ్లే సాక్షిగా ఉన్నవి బయటపడ్డాయి. ఫీల్డ్ కోఆర్డినేటర్‌కు, ఎథిక్స్ కమిటీకి రాశాం.

చీపురుపల్లి వారి పట్టీనే తీసుకుని కొంచెం పెంచుతున్నాను: మనిషి, పాత్ర, ఎవరి విషయంలో, ఎక్కడ, మొదలు, ముగింపు, ఎవరు నియమించారు. రాజాం మాస్టారూ, ఒక సందేహం. సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) మూడో దశ, డయాబెటిస్ లాంటివి కూడా పాత్రల కింద పెట్టమని మా బృందంలో ఒకరు అంటున్నారు. అవీ వస్తాయి, పోతాయి కదా అని.

రాజాం_మాస్టారు
వద్దమ్మా. పాత్రకు ఎదురుగా ఇంకొకరు ఉండాలి. పేషెంటుకు ఆసుపత్రి ఉంది, అటెండెంటుకు పేషెంటు ఉన్నాడు. డయాబెటిస్‌కు ఎదురుగా ఎవరున్నారు? అది ఒంట్లో ఉన్న స్థితి. దాన్ని పరిశీలనగా, తేదీతో, వేరే టేబుల్లో పెట్టు.

విజయనగరం_సీఆర్‌సీ
మాస్టారు చెప్పిందే కరెక్ట్. పైగా సీకేడీ అనాలంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం అంచనా) 60 కంటే తక్కువగానో, మూత్రంలో అల్బుమిన్ లాంటి గుర్తులతోనో మూడు నెలలకు పైగా ఉండాలి. మొదటి స్క్రీనింగ్‌లో క్రియాటినిన్ ఎక్కువ రాగానే ‘సీకేడీ పేషెంట్’ అని ముద్ర వేస్తే ఆ మాట ఊరంతా పాకుతుంది, పెళ్లి సంబంధాల దాకా పోతుంది. ఉద్దానంలో అది చిన్న విషయం కాదు. ఆ సమయానికి ఆ మనిషికి మీ దగ్గర ఉన్న పాత్ర ‘రెండో పరీక్షకు పిలవాల్సిన వ్యక్తి’, అంతే. ఆ పాత్రకు ముగింపు తేదీ తప్పనిసరి చేయండి.

పలాస_జీడి
మేడం, ఒక చిన్న మాట. సాక్షి కోసం వెతుక్కుంటున్నారు కదా, జీడి బట్టీల దగ్గర పనికి వెళ్లే ఆడవాళ్లు పగలు ఇంట్లో దొరకరు. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. బడి మాస్టార్లు కూడా ఆ వేళకు ఖాళీగా ఉంటారు, సాక్షికి అడిగితే వస్తారు. కాశీబుగ్గ వైపు అయితే నాకు చెప్పండి, బట్టీల మేస్త్రీలతో మాట్లాడి పెడతాను.

నాగావళి_డేటా
తప్పకుండా అడుగుతాను అన్నా. కంచిలి ఫారాలతో మొదలుపెట్టి కాశీబుగ్గ వైపు తర్వాత వస్తాం. చీపురుపల్లి గారూ, ఒక మనిషి రెండు హోదాల్లో ఉండగా సెలవు పెడితే మీ పట్టీలో రెండు వరసలూ మూస్తారా, సెలవుకు వేరే వరస రాస్తారా?

చీపురుపల్లి_సచివాలయం
మూయం మేడం. సెలవు మనిషిది, హోదాది కాదు. సెలవులకు వేరే షీటు ఉంది, అందులో మనిషి ఐడీ, తేదీలు మాత్రమే రాస్తాం. ఆ తేదీల్లో హోదా చూసుకునేవాళ్లకు మొదటి షీటులో ఎఫ్ఏసీ కింద కొత్త వరస పడుతుంది. పేర్లు తీసేసి ఖాళీ ఫార్మాట్ రేపు ఇక్కడే పెడతాను.