నియాన్ గోబీ (చిన్న సముద్రపు చేప) గుడ్లు పెట్టింది, ఇంట్లో రోటిఫర్లు (చేపపిల్లలు తినే, కంటికి సరిగా ఆనని నీటి జీవులు) లేవు. ఏం చేయమంటారు?

వేళచ్చేరి ఫ్లాటు:
అందరికీ నమస్తే. చెన్నై కొళత్తూరులో కొన్న నియాన్ గోబీల జత ట్యాంకులో వేసిన పీవీసీ పైపు ముక్కలో గుడ్లు పెట్టింది. మగది కాపలా వదలట్లేదు, తిండి వేసినా తల బయటపెట్టి మళ్ళీ లోపలికే. టార్చి వేసి చూస్తే గుడ్లలో కళ్ళు కనిపిస్తున్నాయి. నా దగ్గర ఆర్టీమియా (చేపలకు మేతగా వేసే బుల్లి రొయ్యల్లాంటి జీవులు) డబ్బా ఉంది. పిల్లలకు అది సరిపోతుందా? షాపతనేమో ఉడికించిన గుడ్డు పచ్చసొన నీళ్ళలో కలపమన్నాడు. పిల్లల తిండి పెంచడానికి వంటింటి గట్టు మీద రెండు సీసాలకు మించి చోటివ్వనని మా ఆవిడ ముందే చెప్పేసింది.

తాంబరం మామయ్య:
పచ్చసొన మాట మర్చిపోండి. రాత్రికల్లా నీళ్ళు కుళ్ళిపోతాయి, అంతకు మించి జరిగేదేమీ లేదు. ఆర్టీమియా కూడా ఇప్పుడు వద్దు. పుట్టిన గోబీ పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లే, దాని నోటికి ఆర్టీమియా పెద్దది. మొదటి రెండు వారాలు రోటిఫర్లే దిక్కు.

నా మాట వింటే ఈ కాన్పును వదిలేయండి. జత కుదిరిందంటే రెండు మూడు వారాలకోసారి పెడుతూనే ఉంటుంది. ఈలోపు రోటిఫర్లను నిలబెట్టండి. చేపల్ని పెంచడం తేలికే, వాటి తిండిని పెంచడమే అసలు పని. మీ ఆవిడ ఇచ్చిన రెండు సీసాలు చాలు. ఒకదానికి ఏదైనా అయితే రెండోది మిగులుతుంది, ఆ ధీమా ఉండాలి. ఉప్పు కాస్త తక్కువగా, నీళ్ళ సాంద్రత 1.015 దగ్గర ఉంచితే బాగా పెరుగుతాయి. పిల్లల ట్యాంకులో వేసే ముందు మాత్రం మెల్లగా 1.025కి అలవాటు చేయాలి.

ఈస్టు వేసి పెంచమని చెప్పేవాళ్ళుంటారు. రోటిఫర్లు పెరుగుతాయి గానీ వాటిలో సత్తువ ఉండదు. నానోక్లోరాప్సిస్ ఆల్గే వేయండి. పిల్లలకు కావలసిన ఒమేగా-3 కొవ్వుల్లో ఈపీఏ అందులో పుష్కలం, డీహెచ్‌ఏ మాత్రం దాదాపు సున్నా, అందుకని ఐసోక్రైసిస్ అనే ఇంకో ఆల్గే కూడా కలపాలి. పిల్లలు వారం దాటకుండానే కారణం తెలియకుండా పోతున్నాయంటే నాకు ముందు అనుమానం వచ్చేది ఈ డీహెచ్‌ఏ మీదే.

నీలాంకరై:
మామయ్య చెప్పింది నిజం. నీళ్ళ సంగతి నేను చెప్తా. సముద్రం నీళ్ళు తెచ్చుకునేట్టయితే కోవళం వైపు వెళ్ళండి. కార్తీకంలో వానలు పడ్డాక అడయారు నది కలిసే చోట పట్టుకోవద్దు, ఉప్పు పడిపోయి ఉంటుంది, మురికి వేరే. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడకుండా ట్యాంకులో పోయకండి. మే నెలలో ఏసీ లేని గదిలో నీళ్ళు 30 డిగ్రీలు ఇట్టే దాటేస్తాయి. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను పెడితే చల్లబడతాయి, కాకపోతే ఆవిరై ఉప్పు పెరుగుతుంది. రోజూ ఆర్వో నీళ్ళతో మట్టం సరిచేసుకోవాలి.

వేళచ్చేరి ఫ్లాటు:
చాలా థాంక్స్ అండీ. వచ్చే కాన్పుకు పైపుని ఎప్పుడు తీయాలి? మగదాన్ని కూడా పిల్లల ట్యాంకులోకి మార్చాలా?

తాంబరం మామయ్య:
మగది అక్కర్లేదు, కానీ పైపుని తొందరపడి తీయొద్దు. గుడ్లకు గాలి ఆడేలా చూసేది, పాడైనవి ఏరేసేది ఆ మగదే. వెచ్చటి నీళ్ళలో దాదాపు వారంలో పొదుగుతాయి. కళ్ళు వెండిలా మెరిశాక పైపుని నీళ్ళలోంచి పైకెత్తకుండా, మగ్గులో మునిగి ఉండగానే మార్చండి. కొత్త ట్యాంకులో పైపు పక్కనే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టండి, బుడగలు మెల్లగా రావాలి. అద్దాలకు చుట్టూ నల్ల చార్టు అంటించండి. లేకపోతే వెలుతురు పడే అద్దం దగ్గరికే పిల్లలన్నీ పోయి, తిండి మానేస్తాయి. ఆకుపచ్చగా కనబడేంత ఆల్గే కలిపి, మిల్లీలీటరుకు పది దాకా రోటిఫర్లు ఉండేలా చూసుకోండి. అడుగుకు దిగి అద్దానికి అతుక్కుంటున్నాయంటే పెద్ద గండం గడిచినట్టే. దానికి నెల పట్టొచ్చు.

రోటిఫర్లు కావాలంటే ఆదివారం తాంబరం రండి, డబ్బా మీరే తెచ్చుకోవాలి. ఇంతకు ముందు సబ్బు పెట్టి కడిగిన డబ్బా అయితే వద్దు.