ఎడిటింగ్ ఇంటర్న్‌షిప్‌లో 6 వారాలు అయ్యాయి, ఇంకా కట్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు, మానేయాలా?

కొత్తకట్:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను ఫిల్మ్ కోర్సు ఫైనల్ ఇయర్, ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో ఎడిటింగ్ సైడ్ 3 నెలల ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. ఎడిటర్ గారి పక్కన కూర్చుని సీన్ ఎలా కడతారో చూడొచ్చని ఎంతో ఆశగా చేరా. రోజూ చేసేది మాత్రం షూటింగ్ నుంచి వచ్చిన రషెస్ (తీసిన ఫుటేజ్ మొత్తం) రెండు డ్రైవుల్లోకి కాపీ కొట్టి చెక్‌సమ్ (కాపీ తేడా లేకుండా వచ్చిందని చెప్పే నంబర్) కలిసిందో లేదో చూడటం, ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికైన చిన్న సైజు కాపీలు) చేయడం, క్లాప్ దగ్గర ఆపి విడిగా రికార్డ్ చేసిన సౌండ్‌ని బొమ్మతో సింక్ చేయడం, సీన్ షాట్ టేక్ నంబర్లు పెట్టి బిన్నుల్లో (ప్రాజెక్ట్‌లోని ఫోల్డర్లలో) సర్దడం, అంతే.

దానికి తోడు మొన్న ఒక తప్పు చేశా. ఒక రీల్‌కి (సినిమాలో ఒక భాగానికి) సౌండ్ వాళ్లకి ఏఏఎఫ్ (ఎడిట్‌లోని సౌండ్‌ని వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి పంపే ఫైల్) పంపమన్నారు, హ్యాండిల్స్ (ప్రతి కట్‌కి ముందూ వెనకా అదనంగా వదిలే సౌండ్) దగ్గర సున్నా ఉంది, చూసుకోకుండా ఎక్స్‌పోర్ట్ కొట్టేశా. అటు నుంచి ఫోన్, ప్రతి డైలాగూ కట్ దగ్గరే తెగిపోయింది, ఫేడ్ వేసుకోవడానికి కాస్త కూడా జాగా లేదు అని. ఎవరూ తిట్టలేదు, కానీ మా సీనియర్ అసిస్టెంట్ రాత్రి 11 దాకా కూర్చుని అంతా మళ్లీ పంపారు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఫ్రెండ్ ఒకడు తన షార్ట్ ఫిల్మ్ ఎడిట్ చేయమంటున్నాడు, అక్కడైతే కట్ మొత్తం నాదే. ఇది వదిలేసి అటు వెళ్లనా? ఈ పేర్లు పెట్టే పనిలో నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా?

రషెస్‌రూమ్:

తమ్ముడూ, మానేయకు. నేను 8 ఏళ్లుగా అసిస్టెంట్ ఎడిటర్‌ని, నువ్వు చెప్పిన పనే చేస్తూ మొదలుపెట్టా. సింక్ చేసేటప్పుడు ప్రతి టేకూ మొదటి నుంచి చివరిదాకా వినేది ఆ బిల్డింగ్‌లో ఇద్దరు ముగ్గురే, అందులో నువ్వొకడివి. ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఏ టేక్ నీకు నచ్చింది, ఎందుకు, ఒక లైను రాయి. తర్వాత ఎడిటర్ గారి కట్ వచ్చాక పక్కన పెట్టుకుని చూడు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఒక కూతురు తండ్రికి జవాబు చెప్పే సీను, డైలాగ్ బాగా వచ్చింది 4వ టేక్‌లో కాబట్టి అదే రాసుకున్నా. కట్‌లో చూస్తే మొహం 2వ టేక్‌ది, జవాబు చెప్పేముందు ఆ అమ్మాయి ఒక్క క్షణం చేతులకేసి చూసుకుంటుంది చూడు, అది ఆ టేక్‌లోనే ఉంది. మొహం అది పెట్టి, ఆమె వెనక్కి తిరిగాక 4వ టేక్ గొంతు దాని మీద వేశారు. అది నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

తప్పు సంగతికొస్తే నాదీ ఒకటి చెప్తా. కెమెరా సెకనుకి 23.976 ఫ్రేముల్లో తీశారు, నేను ప్రాజెక్ట్ 24లో పెట్టి ఫుటేజ్ కూడా 24గా చదివించా. క్లాప్ దగ్గర పక్కాగా కలిసింది, సరే అనుకున్నా. తేడా 0.1 శాతమే, కానీ 10 నిమిషాల టేక్ చివరికొచ్చేసరికి 0.6 సెకను, అంటే దాదాపు 14 ఫ్రేములు, పెదాలు ఒక చోట మాట ఒక చోట. అప్పటి నుంచి ఏ టేక్ సింక్ చేసినా చివరి మాట దగ్గర కూడా ఆపి చూస్తా. నువ్వూ అలవాటు చేసుకో.

బూమ్‌ట్రాక్:

నేను డైలాగ్ ఎడిటర్‌ని, ఆ ఫోన్ చేసేది మాలాంటివాళ్లే, కాబట్టి ఎందుకు చేస్తామో చెప్తా. కట్‌కి ముందూ వెనకా మిగిలిన ఆ నాలుగైదు సెకన్లలోనే రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే సన్నటి మోత) ఉంటుంది, యాక్టర్ ఊపిరి ఉంటుంది, ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి వెనకాల మోత మారినట్టు తెలియకుండా అతికించేది దాంతోనే. నేనైతే కనీసం 5 సెకన్లు అడుగుతా. బూమ్ (పైనుంచి కర్రకి కట్టి పట్టుకునే మైక్), లేపల్ (బట్టలకి పెట్టే చిన్న మైక్) ట్రాకులు విడివిడిగానే పంపు, కలిపి ఒకటి చేయొద్దు. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ ఉండే గంట నిమిషం సెకను నంబర్) కనిపించే రిఫరెన్స్ వీడియో కూడా ఉండాలి, మొదటి ఫ్రేముకి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక్క ఫ్రేము 1 కిలోహెర్ట్జ్ బీప్ పెట్టు, మేం సింక్ చూసుకునేది దాన్ని బట్టే.

ఇంకో మాట, పంపేముందు ఆ ఏఏఎఫ్‌ని నువ్వే ఒక ఖాళీ ప్రాజెక్ట్‌లోకి తెచ్చి, ఏదో ఒక క్లిప్ అంచు పట్టుకుని లాగి చూడు. సాగితే హ్యాండిల్స్ ఉన్నట్టు.

పాతమెంబర్:

పైన ఇద్దరూ చెప్పింది నిజమే కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. 3 నెలలూ కాపీలే కొట్టించి ఎవరూ ఏమీ చెప్పకపోతే అది నేర్పడం కాదు, మనిషిని వాడుకోవడం. నోరు తెరిచి అడుగు. లాక్ అయిపోయిన (ఎడిట్ ఇక మారదని తేల్చేసిన) సీన్ ఏదైనా ఇస్తే పని అయ్యాక అక్కడే కూర్చుని కట్టుకుంటా అని చెప్పు, అక్కడే అనేది ముఖ్యం, ఫుటేజ్ ఒక్క ఫ్రేము కూడా బయటికి తీసుకెళ్లకు, ఫోన్‌లో ఫోటో కూడా తీయకు. కాదంటే అప్పుడు మానేయడం గురించి ఆలోచించు. ఫ్రెండ్ షార్ట్ ఫిల్మ్ ఇంకో 6 వారాలు ఆగుతుందేమో అదీ కనుక్కో.

కొత్తకట్:

అందరికీ చాలా థ్యాంక్స్, వారం తర్వాత రాస్తున్నా. భయపడుతూనే అడిగా, ఎడిటర్ గారు వెంటనే సరే అన్నారు, ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకునే సీను ఒకటి ఇచ్చారు. మూడు సాయంత్రాలు కూర్చున్నా. ఆయన కట్ 2 నిమిషాలు, నాది 3 నిమిషాల 10 సెకన్లు వచ్చింది, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం మీదకే వెళ్లా ప్రతిసారీ. ఆయన మొత్తం చూసి, అన్న అబద్ధం చెప్తున్నప్పుడు మనం ఎవర్ని చూడాలి అని ఒక్క ప్రశ్న అడిగారు. రషెస్‌రూమ్ అక్కా (అన్నా అయితే సారీ), తమ్ముడు వింటున్న టేకులు మొత్తం 7 ఉన్నాయి, వాటన్నిటికీ పేర్లు పెట్టింది నేనే, ఒక్కదాంట్లో కూడా వాడు ఏం చేస్తున్నాడో గుర్తులేదు. నోట్‌బుక్ కొన్నా. రేపు ఆ 7 మళ్లీ చూస్తా, షార్ట్ ఫిల్మ్ ఫ్రెండ్‌కి ఆగమని చెప్పేశా.