యుకి రాయాలా, యూకి రాయాలా? జపాన్ మహిళల పేరు విషయంలో సాయం కావాలి

జపాన్ క్రీడాకారిణులు, కళాకారిణుల పరిచయాలతో పిల్లలకు తెలుగులో చిన్న పుస్తకం తయారుచేస్తున్నాను. వచ్చే వారం ప్రింటింగ్‌కి ఇవ్వాలి. ఈ ఒక్క పేరు దగ్గరే ఆగిపోయింది.

ఇంగ్లీషులో మామూలుగా అందరికీ వై, యు, కె, ఐ అనే నాలుగక్షరాలే. పలకడంలో మాత్రం తేడా ఉంది. నటి సైతో యుకి, సంగీత దర్శకురాలు కజియురా యుకి పేర్లలో హ్రస్వం. నటి అమామి యూకి, 2011 ప్రపంచ కప్ గెలిచిన జట్టులోని ఫుట్‌బాలర్ నగసతో యూకి పేర్లలో దీర్ఘం. మన లిపిలో ఈ తేడా చక్కగా చూపించవచ్చు కాబట్టి, అందరికీ ఒకటే రాసేయడానికి మనసొప్పడం లేదు. ఎవరి పేరు వాళ్లకు సరిగ్గా ఉండాలి కదా.

పేరు హిరగానాలో (పలికే శబ్దాన్ని చూపే జపనీస్ లిపి) ఉంటే ఇబ్బంది లేదు: హ్రస్వమైతే రెండు అక్షరాలు, దీర్ఘమైతే మధ్యలో ఇంకో "ఉ" చేరి మూడు. కొందరివి మాత్రం కంజీలోనే (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే గుర్తులు) దొరికాయి. ఒకే కంజీ జంటను ఒకరు యుకి అని, ఇంకొకరు యూకి అని చదువుకుంటారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెడితే ఏదో ఒక్కటే చూపిస్తుంది, అది ఆ మనిషి పేరేనని నమ్మకం లేదు. వీడియోల్లో కామెంటేటర్లు ఎక్కువగా ఇంటిపేరే వాడుతున్నారు. ఇంగ్లీషు వ్యాసాల్లో దీర్ఘం గుర్తు చాలాచోట్ల వదిలేశారు.

జపనీస్ తెలిసినవాళ్లు చెప్పండి: కంజీ మాత్రమే ఉన్నప్పుడు, ఆ వ్యక్తి పేరు యుకినా యూకినా అని ఖాయం చేసుకోవడానికి ఎక్కడ చూడాలి?