ఏడెకరాల్లో మేకల కొట్టానికి ప్లానింగ్ పర్మిషన్ – సైజు ఎలా సమర్థించుకోవాలి?

వాగొడ్డు మేకలు:

అందరికీ నమస్కారం. మాకు ఇంగ్లండ్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో ఏడెకరాల పచ్చిక ఉంది, కొని రెండేళ్లవుతోంది. ఇల్లు అక్కడ కాదు, పన్నెండు మైళ్ల దూరంలో టౌన్‌లో ఉంటాం, నేనూ మా ఆవిడా పొద్దున ఒకరు సాయంత్రం ఒకరు వెళ్లి చూసుకుంటాం. ఇప్పుడు పదకొండు ఆడమేకలున్నాయి, బోయర్ క్రాస్‌లు, రెండేళ్లలో ఇరవై నాలుగుకి పెంచాలని ఆశ. మాంసానికే. మనవాళ్లూ వేరే కుటుంబాలూ ముందే చెప్పి పెట్టుకుంటున్నారు కాబట్టి అమ్ముకోవడానికి ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా కొట్టంతోనే. పొలంతో పాటు వచ్చిన పాత చెక్క షెల్టర్ ఒకటుంది, ఒకవైపు వాలిపోయింది, పైన రేకు సగం ఎగిరిపోయింది. పోయిన ఫిబ్రవరిలో రెండు మేకలు ఒకే రాత్రి ఈనాయి. బయట వాన, నేను టార్పాలిన్ అంచు మోకాలి కింద తొక్కిపట్టి, ఫోన్ లైట్ నోట్లో పెట్టుకుని, పిల్లని గోనెసంచితో తుడుస్తున్నా. మూడు పిల్లల్లో ఒకటి తెల్లారేసరికి చల్లబడిపోయింది. మేక తల్లి దాన్ని నాకుతూనే ఉంది. ఇంకో చలికాలం అలా గడపలేను.

18 మీటర్లు ఇంటూ 9 మీటర్ల స్టీల్ షెడ్డు అనుకుని కౌన్సిల్‌కి ప్రీ-యాప్ (అసలు అప్లికేషన్‌కి ముందు సలహా అడగడం) పెట్టాం. జవాబులో మూడు మాటలు వచ్చాయి. పర్మిటెడ్ డెవలప్‌మెంట్ (పీడీ, అంటే పూర్తి అప్లికేషన్ లేకుండానే కట్టుకునే వీలు) వర్తించదు, ఫుల్ ప్లానింగ్ వేయాలి. ఏడెకరాలకి ఈ సైజు ఎక్కువగా కనిపిస్తోంది. గేటు దగ్గర విజిబిలిటీ, అంటే రోడ్డు రెండువైపులా ఎంతదూరం కనిపిస్తుందో చూపించాలి. అనంతపురం జిల్లాలో మా నాన్న నాలుగు గుంజలు పాతి, దూలం ఎత్తి, బోద కప్పి రెండు రోజుల్లో కొట్టం లేపేవాడు, అది చూస్తూ పెరిగినవాణ్ణి, ఈ కాగితాలు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఏజెంట్‌ని పెట్టుకోవాలా, మేమే వేసుకోవచ్చా? వేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

మందలో ఒకడు:

తమ్ముడూ, నీ పోస్ట్ చదివి పాత రోజులు గుర్తొచ్చాయి. మాది తొమ్మిదెకరాలు, గొర్రెలు.

ముందు ఆ పీడీ సంగతి తేల్చేద్దాం, దాని మీద నువ్వు టైమ్ పోగొట్టుకోకూడదు. ఇంగ్లండ్‌లో పీడీ రూల్స్ ఉన్న 2015 ఆర్డర్ 6వ భాగం ప్రకారం భూమి 5 హెక్టార్లు, అంటే సుమారు పన్నెండున్నర ఎకరాలు ఉంటే క్లాస్ ఎ, 28 రోజుల ప్రయర్ నోటిఫికేషన్‌తో (కౌన్సిల్‌కి ముందుగా తెలియజేయడం) కొత్త కట్టడం వేసుకునే వీలుంటుంది. 0.4 నుంచి 5 హెక్టార్ల లోపు వాళ్లది క్లాస్ బి, అందులో ఉన్నదాన్ని పెంచుకోవచ్చు, మార్చుకోవచ్చు గానీ కొత్తది లేపకూడదు. నీది 2.8 హెక్టార్లు. పక్క పొలం లీజుకి తీసుకుని కలిపి చూపించమని ఎవరో ఒకరు చెప్తారు, లీజు భూమి యూనిట్ లెక్కలోకి వచ్చే మాట నిజమే, కానీ పశువుల్ని ఉంచే కట్టడానికి 400 మీటర్ల లోపు నీది కాని ఇల్లు ఉంటే పీడీ అక్కడితో పోయినట్టే. మీకు దగ్గరి ఇల్లు ఎంత దూరం? వేల్స్‌కీ స్కాట్లండ్‌కీ రూల్స్ వేరు, సరిహద్దు దగ్గర ఉన్నావు కాబట్టి చెప్తున్నా, అటువైపు వాళ్ల సలహా ఇటు పనిచేయదు.

ఇప్పుడు సైజు. మా అప్లికేషన్ మొదటిసారి తిరస్కరించారు. నాకు చాలా కోపం వచ్చింది, నెలరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత చల్లబడ్డాక నేను పెట్టిన కాగితం మళ్లీ చదువుకున్నా. 'గొర్రెలకీ, సామాన్ల నిల్వకీ' అని ఒక్క ముక్క రాశాను, అంతే. ఆఫీసర్ ఎప్పుడూ మన పొలంలో చలికాలం గడపలేదు, ఆయనకి తెలిసేలా నేను రాయలేదు. రెండోసారి నెలనెలా ఏం జరుగుతుందో రాశాను: ఏ నెలలో గొర్రెలు లోపల ఉంటాయి, ఎన్ని, ఎన్ని రోజులు, గడ్డి ఎప్పుడు వస్తుంది, ఎంత వస్తుంది, ఇప్పుడు ఎక్కడ పెడుతున్నాం, అందులో ఎంత కుళ్లిపోయింది. కుళ్లిన గడ్డి బేళ్ల (మోపుల) ఫొటోలు పెట్టాను, పశువుల డాక్టర్ బిల్లులు పెట్టాను. ఇచ్చేశారు, అదే షెడ్డు, అదే చోటు.

ఇంకో మాట. అప్పట్లో మొదటిది తిరస్కరిస్తే ఏడాదిలోపు ఒకసారి ఫీజు లేకుండా మళ్లీ వేసుకోవచ్చు, నేను అలాగే వేశాను. ఆ వెసులుబాటు 2023 డిసెంబర్ 6 నుంచి తీసేశారు. అందుకని మొదటిసారే గట్టిగా వేయి. తిరస్కరిస్తే ఆరు నెలల్లో అప్పీల్ ఉంది, కానీ ఈలోపు నీకు ఇంకో చలికాలం వచ్చేస్తుంది.

డ్రాయింగ్ టేబుల్:

నేను పొలం కట్టడాలకి డ్రాయింగ్‌లు వేసే పనిలోనే ఉన్నాను, పదేళ్లు దాటింది. పైన అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం, నేను మిగతావి చెప్తాను.

ఏజెంట్ తప్పనిసరి కాదండి. ప్లానింగ్ పోర్టల్‌లో మీరే వేయొచ్చు. లొకేషన్ ప్లాన్ 1:1250 గానీ 1:2500 గానీ, బ్లాక్ ప్లాన్ (కట్టే చోటు దగ్గరి పటం) 1:500, ఎలివేషన్లు (నాలుగు పక్కల నుంచి కనిపించే బొమ్మలు), ఫ్లోర్ ప్లాన్, ఓనర్‌షిప్ సర్టిఫికెట్, దాంతోనే ఉండే అగ్రికల్చరల్ హోల్డింగ్ డిక్లరేషన్. షెడ్డు కంపెనీ వాళ్లు ఎలివేషన్లు ఇస్తారు. ఎక్కువమంది తప్పు చేసేది రెడ్ లైన్ దగ్గర: షెడ్డు చుట్టూ మాత్రం ఎర్రగీత గీసి పంపుతారు, కానీ ఆ గీత పబ్లిక్ రోడ్డుదాకా, అంటే మీ దారీ గేటూ కలుపుకుని రావాలి, మీ మిగతా పొలం చుట్టూ నీలం గీత. అది తప్పితే అప్లికేషన్ వాలిడేట్ కాదు, అంటే సరిగ్గా ఉందని తీసుకోరు, వాలిడేట్ అయ్యాకే ఎనిమిది వారాల గడువు మొదలవుతుంది. ఇంకొక మంచి మాట, 465 చదరపు మీటర్ల లోపు వ్యవసాయ కట్టడానికి ఫీజు తక్కువ స్లాబ్‌లో ఉంటుంది, మీది 162 కాబట్టి ఫీజు గురించి టెన్షన్ వద్దు.

నాకైతే సైజు కన్నా మీ గేటు గురించే భయం. మీ రోడ్డు 60 మైళ్ల లిమిట్ ఉన్న సన్న రోడ్డా? అలా అయితే పుస్తకం ప్రకారం గేటు మధ్యలో, రోడ్డు అంచుకి 2.4 మీటర్లు లోపల నిలబడి చూస్తే రెండువైపులా 215 మీటర్లు కనిపించాలి. 30 లిమిట్‌లో 43 మీటర్లు చాలు. పల్లె రోడ్డులో 215 ఎక్కడా దొరకదు, మొక్కల కంచె (హెడ్జ్) అడ్డొస్తుంది. కంచె కొట్టేద్దాం అనుకోకండి! హెడ్జ్‌రోస్ రెగ్యులేషన్స్ 1997 నుంచీ ఉన్నాయి, పైగా కంచె తీస్తే, కింద చెప్పే బయోడైవర్సిటీ (జీవవైవిధ్యం) లెక్క మీదికి వస్తుంది. ఆ మెలికల్లో నిజంగా ఎవరూ 60లో పోరు కదా, స్పీడ్ సర్వే చేయించండి, వచ్చిన వేగాన్ని బట్టి తక్కువ దూరానికి ఒప్పుకుంటారు. దాంతోపాటు, మీరు ఇప్పటికే రోజుకి రెండుసార్లు ఆ గేటు వాడుతున్నారు, షెడ్డు వచ్చినా అవే రాకపోకలు, ఇంకా చెప్పాలంటే గడ్డి ఒకేసారి తెచ్చి నిల్వ చేస్తే ట్రైలర్ రాకపోకలు తగ్గుతాయి. ఆ సంఖ్యలు రాయండి.

బయోడైవర్సిటీ నెట్ గెయిన్, అంటే కట్టాక జీవవైవిధ్యం ముందుకన్నా 10 శాతం పెరగాలన్న రూల్, 2024 ఏప్రిల్ 2 నుంచి చిన్న సైట్లకీ వచ్చింది. మీ షెడ్డు పచ్చిక మీద పడుతుంది కాబట్టి అప్లికేషన్ పంపే రోజుకి ఏ మినహాయింపులు ఉన్నాయో చూసుకుని, ముందున్న స్థితిని ఫొటోలతో రికార్డు చేయండి. మీ పొలం లగ్ నది పరీవాహకంలో ఉంటే ముందే చెప్పండి, అక్కడ ఫాస్ఫేట్ (ఎరువు నుంచి నదిలోకి చేరి నీళ్లు పాడుచేసేది) సంగతి చాలా గట్టిగా చూస్తారు, పశువుల ఎరువు ఎక్కడ పెడతారు, ఎక్కడ చల్లుతారు అన్నది విడిగా ఒక పేజీ రాయాలి.

పొలం పిచ్చి:

ఇంత తతంగం ఎందుకండీ, స్కిడ్ల (కింద ఉండే జారుడు దుంగల) మీద పెట్టే షెల్టర్లు దొరుకుతాయి కదా, ట్రాక్టర్‌తో లాగి జరిపేది. కదిలేది కాబట్టి బిల్డింగ్ కాదు అంటారు. మా పక్కాయన అలాగే పెట్టుకున్నాడు, నాలుగేళ్లు ఎవరూ అడక్కపోతే ఇంక అడగరు కూడా.

మందలో ఒకడు:

నువ్వు మంచికే చెప్తున్నావు గానీ, ఆ నాలుగేళ్ల మాట పాతది. 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండ్‌లో అది పదేళ్లు చేశారు. కదిలేదల్లా బిల్డింగ్ కాదనుకోవడం కూడా ప్రమాదమే. బాత్ దగ్గర వూలీ వ్యాలీలో కోళ్లకి పెట్టిన యూనిట్లు స్కిడ్ల మీదే ఉన్నాయి, ఒక్కోటి 20 మీటర్ల పొడవు, అవి కూడా డెవలప్‌మెంట్ కిందికి రావచ్చని 2012లో హైకోర్టు చెప్పింది. ఎంత పెద్దది, ఎంతకాలం ఉంటుంది, నేలకి ఎలా కూర్చుంది, ఇవన్నీ చూస్తారు. రెండు మూడు మేకలకి చిన్న షెల్టర్ నిజంగా చోటు మారుస్తూ ఉంటే అది వేరు. ఇరవై నాలుగు మేకలకి ఈనే చోటు కావాలంటే ఆ దారి కాదు. ప్రీ-యాప్ పెట్టిన మనిషి ఇప్పుడు దొంగదారిన వెళ్తే మొదట చూసేది కూడా అతని వైపే.

వాగొడ్డు మేకలు:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని లెక్క వేశాను, చూసి చెప్పండి. దగ్గరి ఇల్లు 150 మీటర్లు, అంటే 400 సంగతి తేలిపోయింది. లగ్ పరిధిలో లేము, చూసుకున్నాను.

పెద్ద మేక ఒక్కింటికి 2 చదరపు మీటర్లు అనుకుంటే 24కి 48. పిల్లలకి 25. ఈనే గదులు ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నరవి నాలుగు, 9. గడ్డి: మేకకి రోజుకి 2 కిలోల చొప్పున ఆరు నెలలకి దాదాపు 8.6 టన్నులు, మాకు వచ్చే గుండ్రటి బేలు 250 కిలోలు, అంటే 35 బేళ్లు, రెండు వరసల ఎత్తు పేరిస్తే 30 చదరపు మీటర్లు చాలు. మేత వేసే దారికీ, చిన్న ట్రాక్టర్‌కీ టాపర్‌కీ (పచ్చిక కోసే యంత్రం) కలిపి 30. మొత్తం 142. అడిగింది 162. ఆ 20 ఎందుకో నాకే తెలియలేదు, షెడ్డు కంపెనీ అతను ఆరు మీటర్ల గడులు (స్తంభాల మధ్య ఖాళీలు) మూడు అన్నాడు, నేను సరే అన్నాను.

ఇంకో డౌట్. ఇప్పుడున్నవి పదకొండే. ఇరవై నాలుగుకి అడిగితే 'లేని మేకలకి షెడ్డు' అనరా?

డ్రాయింగ్ టేబుల్:

లెక్క చాలా బాగుంది, ఇది యథాతథంగా అప్లికేషన్‌లో పెట్టండి. ఆ 20ని దాచకండి. రెండు దార్లున్నాయి. ఒకటి, ఐదు మీటర్ల గడులు మూడు తీసుకుని 15 ఇంటూ 9కి తగ్గడం, అది 135, గడ్డి మూడు వరసలు పేరిస్తే సరిపోతుంది. రెండోది, 18 ఉంచి జబ్బు చేసిన మేకని విడిగా ఉంచే గది, మందులూ దాణా ఎలుకలు రాకుండా పెట్టే గది ప్లాన్‌లో గీసి చూపించడం. ఏది నిజమైతే అది. నేనైతే రెండోదే అంటాను, ఎందుకంటే మందలో విడిగా ఉంచే చోటు లేకపోతే ఒకదాని జబ్బు అన్నిటికీ అంటుతుంది, అది మీకే తెలుసు.

లేని మేకల సంగతి: పెంచుతున్నట్టు కాగితం చూపించాలి. సీపీహెచ్ నంబర్ (పశువులుండే పొలానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉండే ఉంటుంది, మంద రిజిస్టర్, మూవ్‌మెంట్ రికార్డులు, రెండేళ్ల కిందట ఎన్ని, ఇప్పుడెన్ని, ఉంచుకున్న ఆడపిల్లలెన్ని, ముందే చెప్పి పెట్టుకున్నవాళ్ల ఈమెయిళ్లు. 2024 డిసెంబర్ ఎన్‌పీపీఎఫ్‌లో (ఇంగ్లండ్ జాతీయ ప్లానింగ్ విధాన పత్రం) 88వ పేరా గ్రామీణ వ్యాపారాలు పెరగడానికీ వ్యవసాయం విస్తరించడానికీ మద్దతిస్తుంది, మీ స్టేట్‌మెంట్‌లో ఆ పేరా నంబర్ వేయండి.

పై కప్పు గురించి కూడా చెప్తాను. సన్న స్టీల్ రేకు వేస్తే చలికాలం పొద్దున్నే లోపల ఆవిరి చుక్కలు చుక్కలుగా మేకల వీపుల మీద పడుతుంది, ఊపిరితిత్తుల జబ్బులకి అదొక కారణం. ఫైబర్ సిమెంట్ రేకులు కొంచెం ఖర్చు, కానీ తేమ పీల్చుకుంటాయి. పక్కలకి యార్క్‌షైర్ బోర్డింగ్, అంటే నిలువు చెక్కల మధ్య సందులు వదిలి కొట్టేది, గాలి ఆడుతుంది, వాన లోపలికి కొట్టదు, దూరం నుంచి చూస్తే పాత కొట్టంలా కలిసిపోతుంది. ల్యాండ్‌స్కేప్ గురించి అడిగేవాళ్లకి అది సగం జవాబు. కిటికీలు, ఇన్సులేషన్, టాయిలెట్ మాత్రం గీయకండి, రేపు ఇల్లు చేస్తారేమో అన్న అనుమానం వెంటనే వస్తుంది. బిల్డింగ్ రెగ్యులేషన్స్ వ్యవసాయ కట్టడానికి మినహాయింపే, మనుషులు పడుకునే ఇంటికి షెడ్డు ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరం ఉండి, లోపల ఎక్కడినుంచైనా 30 మీటర్లలోపు బయటపడే తలుపు ఉంటే చాలు.

మందలో ఒకడు:

ఆ 150 మీటర్ల ఇంటివాళ్లతో మాట్లాడావా తమ్ముడూ? అప్లికేషన్ నోటీసు ఉత్తరంగా వాళ్లింటికి చేరకముందే నువ్వు వెళ్లాలి. డ్రాయింగ్ పట్టుకెళ్లు. ఎరువు కుప్ప ఏ వైపు పెడతావో, లైటు ఏ వైపు తిరుగుతుందో చూపించు. మా పక్కింటి పెద్దావిడ మొదటిసారి అభ్యంతరం రాసింది, ఎందుకో తర్వాత తెలిసింది, ఆవిడ పడకగది కిటికీ మా దారివైపు ఉంది, రాత్రిళ్లు హెడ్‌లైట్లు పడతాయని భయం. గేటు పది మీటర్లు అటు జరిపాం, రెండోసారి ఆవిడే మద్దతు ఉత్తరం రాసింది. ప్యారిష్ కౌన్సిల్ (ఊరి స్థాయి కౌన్సిల్) మీటింగ్‌కి కూడా వెళ్లు, మాట్లాడే టైమ్ ఇస్తారా అని క్లర్క్‌ని ముందే అడుగు. ఆ ఫిబ్రవరి రాత్రి సంగతి నీ నోటితో చెప్పు.

వాగొడ్డు మేకలు:

మాట్లాడలేదన్నా, మొహమాటపడ్డాను. వాళ్లు నడకకి వెళ్తూ మేకల దగ్గర ఆగి చూస్తుంటారు, చెయ్యి ఊపుకోవడమే గానీ పేర్లు కూడా తెలియవు. శనివారం మా ఆవిడతో కలిసి వెళ్తాను. అదే రోజు టేపు పట్టుకుని గేటు దగ్గర 2.4 లోపల నిలబడి ఎంతదూరం కనిపిస్తుందో కొలుస్తాను. ఎడమవైపు మెలిక దగ్గర ముళ్లచెట్టు ఒకటుంది, అది అడ్డొస్తుందేమో. కొలత, ఫొటో ఇక్కడ పెడతాను, అక్కా, చూసి చెప్పాలి.