అప్‌డేట్: పాత ఉద్యోగి ఫైళ్లు కొత్త యూజర్ పేరు మీదకి ఎలా వచ్చాయంటే

మా ఉబుంటు (లినక్స్) సర్వర్‌లో, వెళ్లిపోయిన ఉద్యోగి అకౌంట్ తీసేసి కొత్తాయనకి అకౌంట్ ఇస్తే, పాతాయన ఫైళ్లన్నీ ఈయన పేరుతో కనిపిస్తున్నాయని అడిగాను కదా. హ్యాకింగేమోనని ఆఫీసులో ఒకటే టెన్షన్!

మీలో కొందరు అనుమానించినట్టే, గొడవంతా యూఐడీదే, అంటే ప్రతి యూజర్‌కి సిస్టమ్ ఇచ్చే నంబర్‌దే. ఫైల్‌తో పాటు డిస్క్‌లో ఉండేది ఓనర్ నంబరే, పేరు కాదు. కొత్త అకౌంట్ చేసే యూజర్‌యాడ్ కమాండ్ మామూలుగా ఉన్నవాటిలో పెద్ద నంబర్‌కి ఒకటి కలిపి ఇస్తుంది. తీసేసింది చివరి అకౌంటే, దాని నంబర్ 1007. అదే ఈయనకి వచ్చింది.

కొత్తాయన్ని లాగౌట్ చేయించి, అకౌంట్ వివరాలు మార్చే యూజర్‌మాడ్ కమాండ్‌తో ఆయన యూఐడీని 1050కి మార్చాను. హోమ్ డైరెక్టరీలో (ఆయన సొంత ఫోల్డర్‌లో) ఫైళ్ల ఓనర్ దానంతటదే మారింది. బయటివి మారవు. ఫైండ్ కమాండ్‌తో 1007 నంబర్ మీద ఉన్నవన్నీ వెతికి, ఎవరివి ఎవరికో ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పని ఇదే.

ఇకపై అకౌంట్లు తీసేయం, లాక్ చేస్తాం. అయితే యూజర్‌మాడ్ లాక్ ఆపేది పాస్‌వర్డ్‌నే, ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఫైల్) ఉంటే లోపలికి రావచ్చు. అందుకే అకౌంట్‌కే ఎక్స్‌పైరీ తేదీ కూడా పెడుతున్నాం.