ఎమ్‌ఎమ్‌యూని ‘గట్టు’ అనొచ్చా?

రాజోలు నుంచి:
రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు మీద లినక్స్ ఎక్కించే పద్ధతి తెలుగులో రాస్తున్నామండి. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని మెమరీలోకి పోకుండా ఆపే ఎమ్‌ఎమ్‌యూ (మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్)కి ‘గట్టు’ సరిపోతుందా? పొరపాటు రాత పక్కదాన్ని పాడుచేస్తే ‘గండి పడింది’ అందామని.

అమలాపురం నుంచి:
‘గండి’ ఉంచేయండి, చాలా బాగుంది. ‘గట్టు’ మాత్రం ఎమ్‌పీయూకి, అంటే మెమరీ భాగాలకి కాపలా కాసే మెమరీ ప్రొటెక్షన్ యూనిట్‌కి, చెల్లుతుందండి. పికోలోని ఆర్‌పీ2040 చిప్‌లో అది ఉంది, 8 గట్లు వేసుకోవచ్చు. లేనిది ఎమ్‌ఎమ్‌యూ. దాని అసలు పని చిరునామా మార్చడం: ప్రోగ్రామ్ తన లెక్కలోని చిరునామా నంబరు చెబితే, పట్టిక చూసి ర్యామ్‌లో అసలు చోటు తేలుస్తుంది. ఆ పట్టికకి, అంటే పేజ్ టేబుల్‌కి, ‘అడంగల్’ అనొచ్చు.

భీమవరం నుంచి:
అడంగల్ ఎవరి సాగో చెబుతుందండీ, నేల ఎక్కడుందో చూపేది ఎఫ్‌ఎంబీ పటం. పేజ్ టేబుల్లో చోటూ ఉంటుంది, చదవొచ్చా రాయొచ్చా అన్న హక్కూ ఉంటుంది. సగమే అతికింది.

అమలాపురం నుంచి:
ఒప్పుకుంటున్నానండి. అయినా మన రైతు నోట్లో ఉన్న మాట అడంగలే, హక్కు సంగతి అందులో వచ్చేస్తుంది. నా ఓటు దానికే.
అడంగల్ లేకపోతే ఏమవుతుందో కూడా రాయండి, పాఠకుడు ఇరుక్కునేది అక్కడే. ప్రోగ్రామ్ తన నకలుగా పిల్ల ప్రోగ్రామ్‌ని పుట్టించే ‘ఫోర్క్’ పనిచేయదు. తండ్రి ప్రోగ్రామ్ ఉన్న చిరునామాల్లోనే పిల్ల ప్రోగ్రామ్‌కి వేరే నకలు పెట్టే వీల్లేదు కదా. బదులుగా ‘వీఫోర్క్’ వాడాలి: పిల్ల ‘ఎగ్జెక్’తో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించుకుని వేరుపడేదాకా, లేదా ముగిసేదాకా, తండ్రి ఆగాలి. దీనికి ‘వేరు కాపురం’ అనే మాట నాకు భలే నచ్చుతుంది. చిన్న లినక్స్ పనిముట్ల కట్ట బిజీబాక్స్‌లో, మనం టైప్ చేసే ఆదేశాలు నడిపే ‘యాష్’ షెల్‌కి ఫోర్క్ కావాలి కాబట్టి ‘హష్’ ఎంచుకోండి.

రాజోలు నుంచి:
మరి అదే పికో మీద పాత మాకింటోష్ నడుస్తోంది కదండీ?

భీమవరం నుంచి:
ఆయ్, దానికి అడంగల్ అక్కర్లేదు. 1984 నాటి ఆ యంత్రంలోని 68000 ప్రాసెసర్‌కీ ఎమ్‌ఎమ్‌యూ లేదు, ర్యామ్ 128 కేబీ. 512×342 తెరకి పట్టే 21,888 బైట్లూ అందులోవే. పికోలో 264 కేబీ ఉంది, ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌కి, అంటే ఎమ్యులేటర్‌కి, చోటు మిగులుతుంది.
లినక్స్‌కి అది చాలదు. 8 ఎంబీ పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) చిప్ ఎస్‌పీఐ అనే కొద్ది తీగల లంకె మీద కలిపి, రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌లో నడపాలి. బూట్ అవుతూ ఒక్కోసారి ఒక్కోచోట ఆగిపోతుంటే కెర్నల్‌ని తిట్టకండి, ముందు తీగలు చూడండి. పొట్టివి వేసి, చిప్ పవర్ కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ఎస్‌పీఐ వేగం తగ్గించి చూడండి. వేగం తగ్గించగానే కుదురుకుంటే గండి తీగల్లోనే ఉన్నట్టు.