రాయమన్న పక్షమే రాస్తే అది అతని అభిప్రాయం ఎలా అవుతుంది?

ప్రశ్న: పగలు బ్యాంకు కౌంటర్, రాత్రి దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ. జోన్స్, హ్యారిస్‌ల 1967 ప్రయోగం దగ్గర ఆగిపోయాను. ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే వ్యాసం చదివించారు. ఏ పక్షం రాయాలో రచయితకు ముందే నిర్దేశించారని చెప్పినా, చదివినవాళ్లు అతణ్ణి కాస్ట్రో వైపు మొగ్గినవాడిగానే అంచనా వేశారు. అంత స్పష్టంగా చెప్పాక కూడా ఎందుకలా?

జవాబు 1: వ్యాసం కళ్లెదుట ఉంది, ఒత్తిడి కనబడదు. సర్వర్ మొరాయించిన రోజున వరుసలో ఉన్నవాళ్లు తిట్టేది మిమ్మల్నే కదండీ! ఇలా పరిస్థితిని వదిలేసి మనిషి స్వభావాన్నే కారణంగా చూసే పొరపాటును 1977లో మనస్తత్వవేత్త లీ రాస్ మౌలిక ఆపాదన దోషం అన్నారు.

జవాబు 2: అన్నిచోట్లా ఒకేలా ఉంటుందనుకోకండి. 1984లో జోన్ మిల్లర్ షికాగో, మైసూరు వాసులను పోల్చారు. చిన్నపిల్లల్లో పెద్దగా తేడా లేదు. పెద్దవాళ్లలో మాత్రం అమెరికన్లు మనిషి స్వభావాన్ని, మైసూరువాళ్లు పరిస్థితిని ఎక్కువగా కారణంగా చూపారు. నేను దిద్దే జవాబుపత్రాల్లో ఈ అధ్యయనం అరుదు. రాయండి, మార్కులు వేయబుద్ధవుతుంది.

ప్రశ్న అడిగినవారు: మా పాఠంలో మైసూరు ఊసే లేదండీ! అంటే ఆసియావాళ్లం ఈ పొరపాటు చేయమా?

జవాబు 2: అంత తొందర వద్దు. 1998లో చోయ్, నిస్బెట్ కొరియన్లతో వ్యాసం ప్రయోగం చేస్తే అక్కడా ఇదే కనిపించింది. అయితే చదివేవాళ్లచేత ముందుగా అలాంటి నిర్బంధ వ్యాసం రాయించినప్పుడు కొరియన్లలో తగ్గింది, అమెరికన్లలో తగ్గలేదు.